గంజి పెట్టిన నెట్టు

రాజమణి సిలోనుకు పోవాలంటే రెండు సంతకాలు కావాలి. తండ్రి మల్లేశం కాగితం చేతికందిన నిమిషంలోనే, ఆనకట్ట స్టోర్సులో సిమెంటు బస్తాల రసీదు మీద గీకినట్టు గీకి పారేశాడు. తల్లి అండాలు మాత్రం ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద పెట్టి వారం రోజులైంది.

“ఇంకా ఎంపికే కాలేదు గదనే, అప్పుడే సంతకమెందుకు?” అనేది కూతురుతో.

అసలు ఎంపిక కాకపోతే బాగుండునని ఆమె ఆశ. పిల్ల బాగా ఆడకూడదని కాదు. బాగా ఆడాలి, నలుగురూ మెచ్చుకోవాలి, పొద్దుగూకేలోపు ఇంటికి రావాలి. అంతే.

అండాలు భయపడని వస్తువంటూ లేదు. వాళ్లది మోత్కూరులో మగ్గం నేసే ఇల్లు. మల్లేశానికి నందికొండ ఆనకట్ట పనిలో నౌకరీ దొరికి కాలనీ క్వార్టరుకు వచ్చిన రోజు నుంచీ, కొండ పగలగొట్టే తూటా పేలినప్పుడల్లా ఆమె చూపు ఇంటి కప్పు మీదికే పోయేది. సర్కారు గచ్చు తవ్వి గుంటమగ్గం దింపే వీలు లేదు గనుక మగ్గాన్ని అన్నగారింట్లో వదిలి, ఆసు పోసే చట్రం ఒక్కటే వెంట తెచ్చుకుంది. చట్రానికి ఒక పక్కన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు. నూలు పోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో తిప్పుతూనే ఉండాలి, ఒక్క చీరకు వేల సార్లు. చిన్నప్పటి నుంచీ ఆ పనిలో రాజమణి తల్లికి తోడు. పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ పిల్ల కుడిచెయ్యి అనుకున్న చోటికి వెంట్రుకవాసి తేడా లేకుండా పోయేది.

ఆ చేతిని బడిలో ఆటల టీచరు సుభద్రమ్మ కనిపెట్టింది. పిల్లను నెట్‌బాల్‌లో వేస్తానని ఇంటికొచ్చి చెప్పింది. పదడుగుల ఎత్తున గుంజకు ఇనుప రింగు, రింగుకు వేలాడే నెట్టు. బంతి పైనుంచి పడి కిందికి జారాలి. బంతి పట్టుకున్న పిల్ల నడవకూడదు, మూడు లెక్కపెట్టేలోగా విసరాలి. ఎదుటి పిల్ల మూడడుగుల దూరంలో నిలబడాలి, తాకకూడదు.

చివరి మాట వినే అండాలు ఒప్పుకుంది. “తాకొద్దన్నది మంచి రూలు పంతులమ్మా. బస్సులల్ల గూడ పెడితే బాగుండు.”

రెండేళ్లలో రాజమణి జిల్లా దాటింది, రాష్ట్రం దాటింది. ఇప్పుడు దేశం తరఫున సిలోనులో ఆడే జట్టుకు పిల్లల్ని ఏరుతున్నారు. ఏరేవాళ్లు ఇద్దరు మద్రాసు నుంచి నందికొండకే వచ్చి, కాలనీ మైదానంలో ఒక ఆట చూసి తేలుస్తామన్నారు.

“ధనుష్కోడిల ఓడ ఎక్కితే మూడు గంటలల్ల దిగుతం అమ్మా,” అంది రాజమణి.

“ఈడి పుట్టి కృష్ణల బోర్లపడనీకె ఒక్క నిమిషమే పట్టింది. మూడు గంటలు సాలవా?”

“ఓడ పుట్టి లెక్క ఉండదే!”

“ఉండకపోతే మరీ భయం. పెద్దది మునుగుతె అందరు మునుగుతరు.”

మల్లేశం నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

ఆటకు రెండు రోజుల ముందు, బడి కొట్లో ఉన్న నెట్లను ఎలుకలు కొరికేశాయి. సుభద్రమ్మ పరుగున అండాలు దగ్గరికే వచ్చింది. నూలు పేనాలన్నా ముడి వేయాలన్నా కాలనీలో ఇంకెవరున్నారు? అండాలు రెండు రోజులు వంచిన తల ఎత్తకుండా రెండు నెట్లు అల్లింది. ఒక్కో ముడినీ గోటితో గట్టిగా బిగించింది. అంతా అయ్యాక చూస్తే నూలు జబ్బు పడ్డ పిల్లలా వేలాడుతోంది. నేసే ఇంట్లో పుట్టినవాళ్లు అట్లాంటి నూలును బయటికి పంపరు. చిక్కటి బియ్యపు గంజి కాచి, నెట్లను ముంచి, పిండి, వేపకొమ్మకు ఆరవేసింది. పొద్దున్నే తీసేసరికి వెదురు బుట్టల్లా నిలబడ్డాయి. చూసుకుని మురిసిపోయింది.

కాలనీ అంతా మైదానం చుట్టూ చేరింది. ఆట మొదలైన కాసేపటికే రాజమణి చేతిలోకి బంతి వచ్చింది. విసిరింది. బంతి సరిగ్గా రింగు నడుమ పడింది. పడి, అక్కడే కూర్చుంది, బుట్టలో పొదిగే కోడిపెట్టలా.

జనం గొల్లుమన్నారు. అవతలి కొసన కూడా అదే తంతు. కర్రతో పొడిచి దింపడం, మళ్లీ వేయడం, మళ్లీ ఇరుక్కోవడం. ఈల పట్టుకున్నామె బంతి కిందికి జారందే గోలు కాదంది. నెట్టు తీసేద్దామంటే, బంతి రింగులోంచి వచ్చిందో పక్క నుంచి వచ్చిందో ఎట్లా తెలుస్తుందంది. అడుగున కోసేద్దామని ఎవరో చాకు తెచ్చారు.

“ఒక్క పోగు కోసినా మొత్తం ఊడొస్తది!” అని అరిచింది అండాలు.

సగం ఆట ముగిసింది. మద్రాసు నుంచి వచ్చిన పెద్దాయన గడియారం చూసుకున్నాడు. మిగతా సగం కూడా ఇంతే అయితే ఈ పిల్లల్లో ఎవర్నీ తీసుకోలేమనీ, ఇదివరకే చూసిన వాళ్లతో సరిపెట్టుకుంటామనీ సుభద్రమ్మతో చెప్పాడు.

రాజమణి చెమటతో, ఎర్రటి కళ్లతో తల్లి ముందుకొచ్చి నిలబడింది.

“కావాల్ననే చేసినవ్ గదా?”

“ఏందే?”

“నన్ను పోనియ్యొద్దని గంజి పెట్టినవ్. సంతకం పెట్టలే, గిది పెట్టినవ్.”

పిల్ల గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. పక్కింటి బిక్షమ్మ చెవి దగ్గరికి వంగింది. “మంచిదే అయ్యింది వదినే. గమ్మున కూసో. సముద్రం తప్పింది.”

నిజమే, తప్పింది. ఇంకొక్క అరగంట ఊరికే కూర్చుంటే చాలు. ఓడ లేదు, తుఫాను లేదు, పరాయి దేశంలో జ్వరం లేదు. కానీ పిల్ల ఇంట్లోనే ఉండి, ఆసు చట్రానికి ఎదురుగా కూర్చుని, ఆ ఎర్రటి కళ్లతో చూస్తే? సముద్రం కన్నా అదే లోతనిపించింది అండాలుకు.

లేచి, కొంగు బిగించి, చాయ్ అమ్మే ఐలేశం పొయ్యి దగ్గరికి పోయింది.

“జర గా మసిలే నీళ్లియ్యి.”

“అవి చాయ్ నీళ్లక్కా!”

“ఇయ్యాల ఎవ్వలు తాగకుంటె సావరు!”

మైదానం పక్కన తారు డ్రమ్ము ఒకటి పడి ఉంది. దాన్ని రింగు కిందికి దొర్లించి నిలబెట్టించింది. ఎవరెవరో ఎక్కుతామన్నారు. ముడులు తెగుతాయని ఎవర్నీ నమ్మలేదు. అటక మీది కుండ దించడానికి పీట ఎక్కాలన్నా మొగుణ్ని పిలిచే అండాలు, డ్రమ్మెక్కి నిలబడింది.

“కింద పట్టుకోయ్యా, నేను పడ్డనంటే నువ్వే నా మీద పడు!” అంది మల్లేశంతో. ఏమన్నదో ఆమెకే తెలియలేదు. మల్లేశం నవ్వకుండా డ్రమ్మును వాటేసుకున్నాడు.

చెంబుతో వేడినీళ్లు పోస్తూ, చేతులు కాలుతున్నా నెట్టును పిసికింది. తెల్లటి గంజి మోచేతుల మీదుగా కారి మల్లేశం నెత్తిన పడింది. నూలు మెత్తబడింది. తర్వాత డ్రమ్మును రెండో కొసకు దొర్లించి అదీ పిసికింది. దిగి వెనక్కి తిరిగింది.

రాజమణి ఎదురుగా నిలబడి ఉంది. బంతిని చంకలో పెట్టుకుని, తల్లి ఎర్రబడ్డ అరచేతుల మీద తన ఓణీ కొంగు వేసి అద్దింది.

“గంజి పెట్టకుంటె నూలు అంగట్ల నగుబాటైతదని పెట్టిన బిడ్డా. గంతే.”

“ఎరుకైంది లేమ్మా.”

“పో. మూడు లెక్కపెట్టేలోపు ఇసరాలె గద, ఈడ నిలబడ్డవేంది?”

రెండో సగంలో బంతి పడితే జారింది. పడిన ప్రతిసారీ నెట్టు లోంచి నాలుగు నీటిచుక్కలు కూడా రాలాయి. పన్నెండు సార్లు విసిరితే పదకొండు. ఆ పోయిన ఒక్కటి గాలి వల్లనని అండాలు ఈనాటికీ వాదిస్తుంది.

మద్రాసు వాళ్లు రాజమణి పేరు రాసుకుని పోయారు. ఆ సాయంత్రం బియ్యం డబ్బా కింది నుంచి కాగితం బయటికొచ్చింది. మూడో తరగతి దాకా చదివిన అండాలు ఒక్కో అక్షరాన్నీ ముడి వేసినట్టు బిగించి రాసింది. రాసి, తల ఎత్తింది.

“ఓడల అంచుకు నిలబడకు. నడిమిట్ల కూసో. ఎవలన్న చూడుమన్నా సముద్రం దిక్కు చూడకు.”

“మూడు గంటలు కండ్లు మూసుకోవాల్నా?”

“మూసుకుంటె ఏం పోతది?”

జట్టు బట్టలొచ్చాయి. తెల్లటి చొక్కా, మడతల లంగా, ఛాతీ మీద దేశం పేరు. అండాలు వాటిని ఉతికి, పొయ్యి మీద గంజి దించి, గిన్నె పట్టుకుని గడప దగ్గర ఆగింది.

“బిడ్డా, గీటికి పెట్టొచ్చునా?”

రాజమణి పడీపడీ నవ్వింది. “లంగకు పెట్టు. చొక్కకు జర తక్కువ పెట్టమ్మా. చెయ్యి లేవాలె.”