ఏకగ్రీవం గారి చెయ్యి

ఆ కాలేజీ ప్రిన్సిపాల్‌కి తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు వేరే ఏదో ఉంది. స్టాఫ్ మాత్రం వెనకాల ఆయన్ని ఏకగ్రీవం గారనే అంటారు. కిటికీ తెరవాలన్నా, మూయాలన్నా ఆయన ఓటుకు పెట్టాల్సిందే. "చేతులెత్తండి" అంటూనే ముందు తన చెయ్యి ఎత్తుతాడు. ఆ చెయ్యి లేవగానే మిగతా చేతులన్నీ లేస్తాయి. దేనికని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. "ఏకగ్రీవం!" అని ఆయన మురిసిపోతాడు. అక్కడితో ప్రజాస్వామ్యం ముగిసి టీ వస్తుంది.

ఇదంతా చాలదన్నట్టు, శనివారం మధ్యాహ్నాలు అధ్యాపకులంతా కూర్చుని ప్రజాస్వామ్యం మీద ఒక పాత ఉద్గ్రంథాన్ని చర్చించాలని నియమం పెట్టాడు. ఆ పుస్తకం ఇటుకంత లావుంటుంది. చరిత్ర చెప్పే కునుకు మాస్టారు దాన్ని తలకింద పెట్టుకుంటారు. మిగతావాళ్ళు ఆ మాత్రం కూడా వాడలేదు. మొదటినుంచి చివరిదాకా చదివింది ఒక్క చిన్న మేడమే. ఉద్యోగంలో అందరికంటే కొత్తది కాబట్టి ఆ పేరు. నోరు మాత్రం చిన్నదేం కాదు, అదుపులో పెట్టుకుందంతే.

ఆ శనివారం ఏకగ్రీవం గారు గొంతు సవరించుకున్నాడు.

"ఇంత గొప్ప గ్రంథానికి వారానికి ఒక్క పూట ఏం చాలుతుంది చెప్పండి? ఇకనుంచి ఆదివారం కూడా కూర్చుందాం. ఆజ్ఞాపించడం లేదు సుమా! ఓటుకే పెడతాను."

వారం నుంచీ తిరుగుతున్న పుకారు నిజమేనన్నమాట. చిన్న మేడం భర్త ఎక్కడో దూరాన వంతెన కట్టే పనిలో ఉన్నాడు. ఆదివారం పొద్దున్నే బస్సు దిగి, చీకటిపడగానే మళ్ళీ బస్సెక్కుతాడు. పోయిన వారం వాళ్ళ మూడేళ్ళ కూతురు గుమ్మంలో అతన్ని చూసి, "అమ్మా, అంకుల్ వచ్చాడు" అని కేకేసింది. అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఉన్న ఆ ఒక్క రోజూ పోతే, ఆ పిల్ల ఈసారి "ఎవరు కావాలండీ?" అని అడుగుతుంది.

"మాస్టారూ, మీరైనా వద్దనండి" అని పక్కనున్న కునుకు మాస్టారిని గిల్లినంత పని చేసింది.

"నాకెందుకమ్మా? ఇంట్లోకంటే ఇక్కడే నిద్ర బాగా పడుతుంది" అన్నారాయన, కళ్ళు తెరవకుండా.

పిల్లి మెడలో గంట కట్టేవాళ్ళు ఆ గదిలో లేరని తేలిపోయింది. సరే, ఆ గంటేదో పిల్లి చేతే కట్టిద్దాం అనుకుని లేచి నిలబడింది.

"సార్, కాదనేవాళ్ళ మాటే ముందు వినాలని పోయిన శనివారం మీరెంత బాగా చెప్పారు సార్!"

పోయిన శనివారం ఆయన మాట్లాడింది కొత్త కుర్చీల గురించి. అయినా పొగడ్త ఎవరికి చేదు?

"చెప్పాను, చెప్పాను!"

"అందుకని, ఈసారి వద్దనేవాళ్ళనే ముందు అడిగితే..."

"భేష్! వాళ్ళనే ముందు అడుగుదాం. అసలంటూ ఉంటే కదా!" అని నవ్వి, ఛాతీ విరుచుకుని గది నలుమూలలా చూశాడు. "ఆదివారం చర్చ వద్దనేవాళ్ళు, చేతులెత్తండి!"

ఏళ్ళనాటి అలవాటు ఊరుకుంటుందా? మాట పూర్తయ్యేలోపే ఆయన చెయ్యి ఝామ్మని పైకి లేచింది. దాన్ని చూసి గదిలో చేతులన్నీ లేచాయి. కునుకు మాస్టారి చెయ్యి నిద్రలోనే లేచింది. చిన్న మేడం అందరికంటే ఆఖరున, ఎంతో మర్యాదగా ఎత్తింది.

"ఏకగ్రీవం!" అన్నాడాయన. అన్నాక ఆగాడు. తల పైకెత్తి, అది ఎవరి చెయ్యో అన్నట్టు దానివంక చూశాడు.

"ఉండండుండండి! ఎక్కడో పొరపాటు జరిగింది. మళ్ళీ పెడదాం."

"పొరపాటేముంది సార్?" అన్నారు కునుకు మాస్టారు. ఆయన నిద్ర ఎంత నిజమో ఆ క్షణాన అందరికీ అనుమానం వచ్చింది. "ముందెత్తింది మీరు. మిమ్మల్ని కాదని మేం దించగలమా? ఒకసారి పడిన ఓటు పడినట్టేనని పుస్తకంలోనే ఉందిగా!"

పుస్తకంలో అలాంటి ముక్క ఎక్కడా లేదని చిన్న మేడానికి తెలుసు. ఏకగ్రీవం గారు లేదనాలంటే చదివి ఉండాలి.

"అవునవును, ఉంది" అని గొణిగి, ఆయన చెయ్యి దించుకున్నాడు. టీ వచ్చింది.

చిన్న మేడం వరండాలోకి పరుగెత్తి భర్తకు ఫోన్ చేసింది.

"రేపు వచ్చేయ్. నీ కూతురికి నాన్నంటే ఎవరో చూపించాలి."

"ఆదివారం కూడా రమ్మంటారని భయపడ్డావుగా? మీ సార్‌ని ఎలా ఒప్పించావు?"

"నేనేం ఒప్పించలేదు" అంది ఆమె నవ్వు ఆపుకుంటూ. "అందరికంటే ముందు ఆయనే చేతులెత్తేశాడు!"