పుట్టింటి రాళ్ళు

ఫారెస్టు గార్డు బుట్టని బూటుకాలితో తన్నాడు. నత్తలు గెడ్డవాగు ఒడ్డున చెల్లాచెదురయ్యాయి. ముసలి గురమ్మ వంగి ఏరుకోబోతే ఆమె చేతిని లాఠీతో పక్కకి తోశాడు.

"బోర్డు కనపడట్లేదా? ఇక్కడ నత్తని ముట్టుకుంటే కేసు!"

"నాకు సదువు రాదు బాబూ."

అప్పుడే కంట్రాక్టరు లారీ రాళ్ళు నింపుకుని ఆ బోర్డు పక్కనుంచే వచ్చింది. గార్డు తప్పుకుని దానికి దారిచ్చాడు.

మరిడమ్మ అంతా చూసింది. చూసినా లోపల ఏదీ కదల్లేదు. పోయిన వానాకాలంలో ఆమె మొగుడు అప్పలసూరి ఈ గెడ్డలోనే పోయాడు. మోకాల్లోతు నీళ్ళుండే చోట కంట్రాక్టరు పొక్లెయిను పెద్ద గొయ్యి తవ్వి వదిలేసింది. గేదెల్ని కడగడానికి దిగినవాడు మళ్ళీ పైకి రాలేదు. శవాన్ని ఒడ్డుకి చేర్చినప్పుడు మరిడమ్మ ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. గెడ్డలో నత్తల్ని వెతికేది అరికాలు. మరిడమ్మ అరికాలు ఆనాటి నుంచి మొద్దుబారిపోయింది. రాయేదో నత్తేదో తెలియక ఖాళీ బుట్టతో ఇంటికొచ్చేది.

ఆ బోర్డు పెట్టించింది ఊళ్ళో ఆడవాళ్ళే. అసలు కడుపుమంట అదే.

గెడ్డకి ఎగువన పెద్ద బండలున్నాయి. నల్లటి రాతినత్తలు వానలకి ముందు అక్కడికి చేరి పిల్లల్ని పెడతాయి. అందుకే వాటిని పుట్టింటి రాళ్ళంటారు. పురిటికొచ్చినదాన్ని ఎవరు ముడతారు? కూరకి కావలసినవి దిగువనే ఏరుకునేవారు గాని, ఆ రాళ్ళ దగ్గర ఎవరూ చెయ్యి పెట్టలేదు. కంట్రాక్టరు కన్ను ఆ బండల మీదే పడింది. వాడి క్రషరుకి అవే కావాలట.

ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుతున్న ఉష ఈ ఊరి పిల్లే. సెలవులకొచ్చి మరిడమ్మతో చెప్పింది. "పిన్నీ, ఈ నత్త ఇంకెక్కడా మిగల్లేదంట. కాపాడమని అడుగుదాం." ఆడవాళ్ళంతా సంబరంగా అర్జీ మీద వేలిముద్రలు వేశారు. అధికారులొచ్చారు, ఫొటోలు దిగారు, బోర్డు పాతి వెళ్ళిపోయారు. నత్తని తీస్తే జైలు. కదిపితే జైలు. రాళ్ళ ఊసు మాత్రం అందులో లేదు. రాళ్ళకి కంట్రాక్టరు దగ్గర పర్మిషనుంది. పేదవాడి చెయ్యి నీళ్ళలో పడితే ఉలిక్కిపడి లేచే చట్టానికి, పొక్లెయిను మోతకి మెలకువ రాదు.

ఆ సాయంత్రం బడి వరండాలో అందరూ చేరారు.

"నీ మాటినే యేలిముద్రేసినాం," గురమ్మ ఉష మీద విరుచుకుపడింది. "ఇప్పుడు కూరా నేదు, గెడ్డా నేదు. ఏటి సేత్తావు?"

ఉష తలొంచుకుంది. "తప్పయిపోనాది మామ్మా."

"రేపు పుట్టింటి రాళ్ళకాడికి పొక్లెయిను వస్తాదంట," అంది తులసి. కంట్రాక్టరు దగ్గర రాళ్ళు మోసే మనిషి, ఆ కబురు తెచ్చింది ఆమే. "ఆ బోర్డు పీకి పారేద్దాం!"

"పీకితే కేసు మన మీదే."

"కూకుంటే మాత్రం ఏటొస్తాది?"

మరిడమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. ఇంతమంది అరుస్తున్నా ఆమెకి ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టుంది. గొంతు పెంచకుండానే అడిగింది.

"ఒసే ఉషా, బోర్డు మీద ఏటున్నాదో మళ్ళీ సెప్పు."

"నత్తని ఉన్న చోటు నుంచి కదిపితే జైలు, పిన్నీ. ఎవరైనా సరే."

"పోలీసోడైనా?"

"పోలీసైనా అంతే, పిన్నీ," ఉష తలెత్తింది.

"అయితే బోర్డు పీకొద్దు," అంది మరిడమ్మ. "నత్తలకాడికెల్లి కూకుందాం."

తెల్లారేసరికి ఆడవాళ్ళంతా పుట్టింటి రాళ్ళ చుట్టూ నీళ్ళలో కూర్చున్నారు. ఒక్క నత్తనీ ముట్టుకోలేదు. కాళ్ళు బండలకి ఆనించి కదలకుండా ఉన్నారంతే. పొద్దెక్కే కొద్దీ నత్తలే మెల్లగా వాళ్ళ కాళ్ళ మీదికి పాకాయి. మరిడమ్మ చీలమండ మీద కూడా ఒకటుందని తులసి చెబితేగాని ఆమెకి తెలియలేదు.

పొక్లెయిను వచ్చింది. వెనకే కంట్రాక్టరు, పోలీసు జీపులు.

"లేవండి!" ఎస్సై అరిచాడు.

"ఎలా లెగుత్తాం బాబూ?" అంది గురమ్మ. "కాళ్ళ మీద నత్తలున్నాయి. కదిపితే జైలని మీ బోర్డే సెప్తంది."

ఒడ్డున జనం గొల్లుమన్నారు. కానిస్టేబుళ్ళు బోర్డు వంకా ఎస్సై వంకా చూశారు. "ఏటి సూత్తారు? లాగించండి!" కంట్రాక్టరు గుడ్లురిమాడు.

లాగించారు. తులసిని జుట్టు పట్టుకుని ఈడ్చారు. గురమ్మ గాజులు పగిలి మణికట్టు తెగింది. మరిడమ్మ పెనుగులాడలేదు. బస్తాని ఎత్తినట్టు ఎత్తి, గురమ్మతో పాటు జీపులో పడేశారు.

స్టేషన్లో ఎస్సై ఆమె చీలమండ చూశాడు. నత్త ఇంకా దాన్ని కరుచుకునే ఉంది. "నత్తతో సహా దొరికింది. నత్తల దొంగతనమని రాసుకోవయ్యా," అన్నాడు రైటరుతో.

"రాయి బాబూ," అంది మరిడమ్మ. గొంతులో కోపం లేదు, భయమూ లేదు. "ఉన్నదున్నట్టు రాయి. నాను గెడ్డలో కూకున్నాను. దాన్ని ముట్టుకోనేదు, అదే ఎక్కినాది. నన్నూ దాన్నీ కలిపి ఎత్తుకొచ్చినోడు ఈ బాబు. ముద్దాయి కాడ ఈ బాబు పేరు రాయి."

రైటరు కలం ఆగింది. బెంచీ మీద గురమ్మ కిసుక్కున నవ్వింది. ఇంతలో ఎస్సై ఫోను మోగింది. అవతలివాడి అరుపు గదంతా వినపడింది.

"సార్, దిగువూరి ఆడోళ్ళు దిగీసినారు సార్! మగోళ్ళు కూడా దిగుతన్నారు! మిషను ముందుకెల్లట్లేదు!"

ఎస్సై టోపీ అందుకుని బయటికి పరిగెత్తాడు.

మరిడమ్మకి అప్పుడు తెలిసింది, చీలమండ మీద ఏదో పాకుతోంది. చల్లగా ఉంది. కళ్ళు తడవలేదు. కానీ చల్లగా ఉందని మాత్రం తెలిసింది.

"అత్తా, గళాసుడు నీళ్ళడుగు," అంది గురమ్మతో. "ఇది ఎండిపోకూడదు. మనల్ని ఒదిలినాక దీన్ని పుట్టింటికాడ దిగబెట్టాల. మళ్ళీ అక్కడే కూకోవాల."