కచ్చా కుట్టు

పడటం నేర్చుకోవడానికి పన్నెండు రోజులే ఉన్నాయని డైరెక్టరు చెప్పేటప్పటికి సూదక్క పెదాల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. అందుకే వెంటనే కాదనలేకపోయింది. ఒక్కొక్కటీ తీసి సూదుల దిండుకు గుచ్చేలోపు, ఒప్పుకున్నట్టే అనుకుని ఆయన వెళ్ళిపోయాడు.

ఆ నాటక సమాజంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పద్నాలుగేళ్ళుగా రిహార్సళ్ళు జరిగే గదిలోనే ఓ మూల మిషను వేసుకుని అందరి బట్టలూ కుడుతోంది. తలెత్తకుండా కుట్టుకుంటూనే ప్రతి నాటకంలో ప్రతి మాటా వినేసింది. ఎవరైనా మాట మరిచిపోతే మిషను ఆపకుండానే అందించేది. తనకూ ఒకసారి ఆ వెలుగులో నిలబడాలని ఉందని మాత్రం ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు నాటకంలో అమ్మ వేషం వేసే ఆవిడ మణికట్టు విరిగి కట్టుతో కూర్చుంది. మాటలన్నీ వచ్చినది, ఆ జాకెట్టు సరిపోయేది సూదక్క ఒక్కతే.

వేషమంటే భయం లేదు. రెండో అంకం చివర అమ్మ పిట్టగోడ మీదనుంచి వెనక్కి పడిపోవాలి. ఆ వెనక్కి పడటమే భయం.

వేదిక మీద మనిషెత్తున చెక్కలతో కట్టిన డాబా ఉంది. ముందువైపు మెట్లు, వెనకవైపు పిట్టగోడ. అమ్మ ఆ గోడెక్కి, జనం వైపు తిరిగి, చివరి మాట చెప్పి వెనక్కి వాలుతుంది. వెనకాల కింద, జనానికి కనపడకుండా, రెండు పరుపులేసిన చక్రాల మంచం ఉంటుంది. అది ముందునుంచీ అక్కడుండటానికి వీల్లేదు, నటులు అటూ ఇటూ వెళ్ళే దారి అదే. అమ్మ చివరి మాటల్లో ఉండగా దాన్ని తోసుకొచ్చి, చక్రాల కింద చీలలు పెట్టి ఆపాలి. ఆ పని వడ్రంగిది. అతను సూదక్కకు స్వయానా అక్క మొగుడు, బావ.

నెల కిందట ఆ మంచమే ఒక అడుగు దూరంలో ఉండగా అమ్మ వేషం ఆవిడ పడింది. చెయ్యి వెనక్కి పెట్టింది. మంచం ఆలస్యంగా వచ్చిందని ఆవిడ అంది, అందరూ అన్నారు. ఎప్పుడూ నోరు మూతపడని బావ ఆ రోజునుంచి అడిగినదానికి తప్ప మాట్లాడటం మానేశాడు.

సూదక్క తన కుడి మణికట్టు వంక చూసుకుంది. ఇల్లు, కూతురి చదువు, పొయ్యి మీద గిన్నె, అన్నీ ఆ రెండంగుళాల ఎముక మీదే నిలబడి ఉన్నాయి.

పడటం నేర్పడానికి ఒక మాస్టారు వచ్చాడు. నలభై ఏళ్ళు నాటకాల్లో మేడలమీదనుంచీ గుర్రాలమీదనుంచీ పడ్డ మనిషి. ఎడమకాలు కుంటుతాడు. పడటంలో పోయిందా అని అడిగితే, స్నానాల గదిలో సబ్బు మీద కాలేశానని చెబుతాడు. ఆ మాట చెప్పేటప్పుడు కొంచెం సిగ్గుపడతాడు.

మొదటి మూడు రోజులూ చాప మీద వెనక్కి కూర్చోబెట్టడమే. తర్వాత పీట మీదనుంచి, తర్వాత బల్ల మీదనుంచి. గడ్డం గుండెకి ఆనించు, చేతులు రొమ్ము మీద కట్టుకో, ఊపిరి వదిలెయ్. ఇంతే విద్య. వినడానికి ఎంత తేలికో చెయ్యడానికి అంత గండం. వాలిన ప్రతిసారీ సూదక్క తల వెనక్కి తిరిగేది, తల వెంట కుడిచెయ్యి వెనక్కి పోయేది. నేలను వెతుక్కునే చెయ్యి అది. ఎంత తిట్టుకున్నా ఆగేది కాదు.

"నీ చేతికి నువ్వంటే నమ్మకం లేదమ్మాయ్," అన్నాడు మాస్టారు. "దానికేదైనా పని చెప్పు."

పని అంటే చేతికి తెలిసింది ఒకటే. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు ఉంది కదా, దాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. పద్నాలుగేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా కింద పడెయ్యలేదు. గుప్పిట విప్పితే అది పోతుంది. ఆ రోజు బల్ల మీదనుంచి పడినప్పుడు చెయ్యి కదల్లేదు. మాస్టారు తన గ్లాసులోని టీ సగం ఇంకో గ్లాసులో పోసి ఆమె ముందు పెట్టాడు.

కానీ భయం బల్ల దగ్గర ఆగలేదు, ఇంటిదాకా వచ్చింది. బస్సులో కూర్చోబోతూ సీటు ఉందో లేదోనని తడిమి చూసుకునేది. మేడమెట్లు దిగేటప్పుడు వీపు వెనకాల ఖాళీ తనతోపాటు ఒక్కో మెట్టూ దిగుతున్నట్టుండేది. మంచం మీద వెనక్కి వాలి అలవాటు చేసుకుంటుంటే కూతురు గుమ్మంలో నిలబడి చూసి, నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది. మంచం వెనకాల దిండు సర్ది వెళ్ళింది.

తొమ్మిదో రోజున డాబా ఎక్కించారు. పిట్టగోడ మీద మడమలు అంచుకి ఆనించి నిలబడింది సూదక్క. కింద బావ మంచం తోసుకొస్తున్న చప్పుడు వినిపించలేదు. వినిపించకూడదు కూడా, చక్రాలకు గుడ్డలు చుట్టారు. వచ్చిందో రాలేదో ఎలా తెలియాలి? వెనక్కి చూస్తే చెయ్యి పోతుంది. చూడకపోతే అంతా పోతుంది. ఆ రోజు పడలేదు. దిగొచ్చేసింది.

మర్నాడు ఉపాయం ఆమే పట్టుకొచ్చింది. గుండీలు కుట్టే గట్టి దారం రెండు గజాలు తీసుకుని, ఒక కొసను జాకెట్టు ఎడమచేతి అంచులో, మణికట్టు దగ్గర, లోపలివైపు కుట్టింది. మిగతాది చుట్టగా చుట్టి అంచు మడతలో దోపింది. రెండో కొసకు బరువుకోసం చొక్కా గుండీ కట్టింది. గోడెక్కాక గుండీని వెనక్కి జారవిడుస్తుంది. కింద బావ దాన్ని అందుకుని, మంచం పెట్టి, చీలలు బిగించాక రెండుసార్లు లాగుతాడు. అంచులో కుట్టు మాత్రం గట్టిది కాదు. బట్ట పూర్తయ్యేదాకా దర్జీలు పొడుగ్గా వేసి తర్వాత తీసేసే కచ్చా కుట్టు, ఒంటి పోగుతో. లాగితే తెలుస్తుంది, పడితే తెగిపోతుంది.

మాస్టారు దారాన్ని రెండుసార్లు లాగి చూశాడు. "లాగితేనే పడాలి," అన్నాడు. "లాగకపోతే ఆకాశం విరిగి మీద పడ్డా పడకూడదు. నాకు మాటివ్వు."

ఇచ్చింది. ఆ రెండు రోజుల్లో ఆరుసార్లు పడింది. ప్రతిసారీ దారం రెండుసార్లు లాగాకే వాలింది. ఆరోసారి పరుపు మీదనుంచి లేస్తుంటే బావ నెల రోజుల తర్వాత మొదటిసారి వేళాకోళం ఆడాడు. "ఏం మరదలా, ముందే చెప్తే మూడో పరుపు తెచ్చేవాణ్ణి కదా."

పన్నెండో రోజు హాలు నిండింది. సూదక్క వేషం వేసుకుని అద్దం ముందు కూర్చుంది. ఇంకా అరగంట ఉంది. చేతులు ఒకచోట నిలవడం లేదు. చేతికి పని చెప్పమన్నాడు కదా మాస్టారు అని చిన్న కత్తెర తీసుకుంది. ప్రతి నాటకం ముందూ చేసే పనే. జాకెట్టు విప్పి ఒళ్ళో పరుచుకుని, అంచులూ చంకలూ తడుముతూ, వేలాడే పోగులు కత్తిరించింది. ఏం కత్తిరిస్తోందో మనసు చూడలేదు. మనసు పిట్టగోడ మీద ఉంది. జాకెట్టు మళ్ళీ తొడుక్కుంది. దారం చుట్ట అంచు మడతలో వేలికి తగిలింది. ఉందిలే అనుకుంది.

మొదటి అంకం ఎలా గడిచిందో ఆమెకు గుర్తు లేదు. మాటలు వాటంతటవే వచ్చాయి. ఎక్కడో ఎవరో నవ్వారు, ఎవరో ముక్కు చీదారు. రెండో అంకం చివర మెట్లెక్కి, గోడెక్కి, జనం వైపు తిరిగింది. ఎడమచెయ్యి వెనక్కి పెట్టి గుండీ వదిలింది. అది జారిపోవడం వేళ్ళకు తెలిసింది.

"పొద్దు పోయింది. ఇంక నన్నెవరూ పిలవకండి," అంది. అది చివరి మాట.

గడ్డం గుండెకు ఆనించింది. గుప్పిట బిగించింది. దారం లాగుతుందని ఎదురుచూసింది.

లాగలేదు.

అమ్మ పడేటప్పుడు డప్పు కొట్టే ఆయన మోత మొదలుపెట్టి ముగించాడు. తలెత్తి చూసి, పడలేదని మళ్ళీ మొదలుపెట్టాడు. పక్క తెరల్లో డైరెక్టరు అరచెయ్యి కిందికి ఊపుతున్నాడు, పడు పడు అని. ఎడమ మణికట్టు దగ్గర గాలి తప్ప ఏమీ లేదు. మంచం దారిలో ఇరుక్కుందేమో. అడుగు దూరంలో ఉందేమో. ఉండే ఉంటుంది, బావ ఉంటాడు, పడిపో అని ఒక గొంతు. ఇన్ని వందల కళ్ళ ముందు గోడెక్కి ఎందుకు నిలబడ్డావని ఇంకో గొంతు. సిగ్గు వీపు మీద చెయ్యేసి వెనక్కి లాగుతోంది. మడమలు అంచుమీద కొంచెం జరిగాయి.

మాటిచ్చింది. లాగకపోతే పడకూడదు.

చివరి మాట మళ్ళీ చెప్పింది. అయినా లాగలేదు. అప్పుడు గోడ దిగింది. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, ఆఖరి మెట్టు మీద కూలబడింది. తెర లాగేవాడు ఏమీ తోచక తెర లాగేశాడు.  బయట చప్పట్లు మోగాయి.

తెర వెనక మాత్రం గందరగోళం. మూడో అంకం మొదలయ్యేది అమ్మ పోయిన ఇంటిలో. ఆ అమ్మ ఇప్పుడే అందరి ముందూ నడుచుకుంటూ దిగొచ్చింది. డైరెక్టరు తల పట్టుకున్నాడు. పద్నాలుగేళ్ళ మర్యాద అడ్డొచ్చి ఆమెను తిట్టలేక, బావ మీద పడ్డాడు. మళ్ళీ ఆలస్యం చేశావా అన్నాడు.

సూదక్క అప్పటికే డాబా వెనక్కి వెళ్ళింది. మంచం సరిగ్గా దాని చోట ఉంది. చీలలు బిగించి ఉన్నాయి. బావ దాని పక్కన, చేతులు చాచినవాడు చాచినట్టే నిలబడి ఉన్నాడు.  అతను గుప్పిట విప్పాడు. అందులో గుండీ, దారం మొత్తం, రెండు గజాలూ ఉన్నాయి.

"లాగాను మరదలా. మొత్తం నా చేతిలోకి వచ్చేసింది. అరవడానికి లేదు కదా."

ఆమె దారం కొసన మిగిలిన కచ్చా కుట్టు పోగును వేళ్ళమధ్య తిప్పి చూసింది. తెగిన కొస పీచు లేచి ఉంటుంది. ఇది నున్నగా ఉంది. ఆ కత్తెర కోత ఎవరిదో ఆమెకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పూర్తయిన బట్టలో కచ్చా కుట్టు కనపడితే ఆ చేతులు తీసేస్తాయి, పద్నాలుగేళ్ళుగా తీసేస్తూనే ఉన్నాయి.

"బావ తప్పు లేదండీ," అంది డైరెక్టరుతో. "నేనే కోసేశాను. నా కుట్టు నేనే."

ఆయన నమ్మలేనట్టు చూశాడు. తర్వాత మెల్లగానే, రేపటినుంచి ఇంకెవరినైనా చూసుకుంటానన్నాడు. భయపడేవాళ్ళను గోడెక్కించడం పాపమన్నాడు. అది నిజమేనని సూదక్కకు అనిపించింది. తల ఊపింది.

కట్టుకట్టిన చేతితో ఇదంతా చూస్తున్న ఆవిడ అప్పుడు లేచింది. అమ్మ వేషం అసలు ఆవిడదే.

"ఆ రోజు మంచం ఆలస్యం కాలేదు," అంది. "చప్పట్లు మొదలయ్యాయి. ఆగితే ఏమనుకుంటారోనని నేనే ముందు పడ్డాను." బావ వైపు చూడలేక కట్టు వైపు చూసుకుంటూ అంది. "ఈవిడలా ఆగడం నాకు చేతకాలేదు."

బావ వంగి, బిగించి ఉన్న చీలనే మళ్ళీ బిగించాడు. చాలాసేపు బిగించాడు.

మాస్టారు కుంటుకుంటూ వచ్చి డైరెక్టరు భుజం మీద చెయ్యేశాడు. "పడటం ఎవరికైనా నేర్పుతాను. నాకు చేతకానిది ఈమె ఈరోజు చేసింది," అన్నాడు. తర్వాత మూడో అంకం సంగతి చూడమన్నాడు. పెద్దకొడుకు వేషమతను ఉండబట్టలేక ఒక మాట తనే కలిపేస్తానన్నాడు. తెర లేవగానే కలిపాడు కూడా.

"ఆ సాయంత్రం దిగొచ్చేసిందనుకున్నాం. తెల్లారి మళ్ళీ ఎక్కింది."

జనం నమ్మారు, నాటకం సాగింది.

జనం వెళ్ళిపోయాక, ఊడ్చేవాళ్ళు ముందు వరసల్లో ఉండగా, సూదక్క మంచం మళ్ళీ పెట్టమంది. డైరెక్టరు వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. ఆమె మెట్ల మీదే కూర్చుని దారం అంచుకు కుట్టుకుంది, మళ్ళీ ఒంటి పోగే. కుట్టాక కత్తెర బావ చేతికిచ్చి దాచమంది. గోడెక్కింది. భయం ఎక్కడికీ పోలేదు, మడమల వెనకాల అలాగే నోరు తెరుచుకుని ఉంది. గుండీ వదిలింది. ఊడ్చేవాళ్ళు చీపుర్లు ఆపారు.

మణికట్టు దగ్గర ఒకసారి, మళ్ళీ ఒకసారి, మెత్తగా లాగింది.

ఊపిరి వదిలి వెనక్కి వాలింది. కచ్చా కుట్టు పుటుక్కుమంది. పరుపు వీపుకు తగిలాక కూడా కాసేపు కళ్ళు తెరవలేదు. గుప్పిట విప్పి చూస్తే ఇత్తడి తొడుగు అరచేతిలో గుండ్రటి అచ్చు వేసి అక్కడే ఉంది.

"రేపు ఎన్నింటికి రావాలో ఆయన్ని అడుగు బావా," అంది.

బావ అడగకముందే మొదటి వరసలోంచి సమాధానం వచ్చింది. నాలుగింటికల్లా రమ్మని, వచ్చేముందు ఆ కత్తెర ఇంట్లో పెట్టి రమ్మని.