కూర కవరులో సువర్చల ఊపిరి

శనివారం పొద్దున ఆరున్నరకి నరహరి సారు కళ్లు మూసుకుని "ఊపిరి వదలండి" అంటాడు. ఇరవై ఇద్దరం వదులుతాం. అప్పుడే గేటు దగ్గర కూరగాయల ఆటో హారన్ కొడుతుంది. ఆయన లేచి వెళ్లిపోతాడు. "తీసుకోండి" అనడం మరిచిపోతాడు.

మేం తీసుకోం. చెప్పింది చెయ్యాలి, చెప్పనిది చెయ్యకూడదు అని వచ్చీ రాగానే కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు మరి.

చచ్చిపోలేదా అని అడక్కండి. పద్దెనిమిదేళ్లుగా కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాం నేనూ, మా తోడికోడలు సువర్చలా. పొద్దున అయిదింటికి పొయ్యి ముట్టిస్తే మధ్యాహ్నం రెండున్నర దాకా మేం ఊపిరి తీసుకున్నదెప్పుడు గనక? గుత్తొంకాయ కావాలన్న వాళ్లకి దొండకాయ వేపుడు అంటగట్టాలి, సాంబారు కవరు కారకుండా ముడెయ్యాలి, చిల్లర లేదన్న వాడితో పోట్లాడాలి. కాబట్టి ఇది మాకు కొత్తేం కాదు. మిగతా వాళ్లు మాత్రం కాస్త కంగారు పడుతున్నారు.

అసలు మమ్మల్ని ఇక్కడికి పంపింది మా వీధి అపార్ట్‌మెంట్ వాళ్ల లక్కీ డ్రా. రెండో బహుమతి, వారాంతపు యోగా, ఇద్దరికి. మూడో బహుమతి మిక్సీ. మిక్సీ తగిలినా బాగుండేది, నా మొహానికి అదీ లేదు. వికారాబాద్ దాటాక జొన్నచేల మధ్య రేకుల హాలు, దాని పక్కన రెండు గదులు. ఇక్కడ ప్రశాంతంగా ఉంటుందని చెప్పారు, అబద్ధం కాదు. ఇంత ప్రశాంతత అలవాటు లేక నాకు చెవులు నొప్పెడుతున్నాయి.

మేం వదిలిన ఊపిర్లు పైకప్పు రేకుల కింద వేలాడుతున్నాయి. ఎవరిది ఏదో తెలిసిపోతూనే ఉంది. ముందు వరసలో కూర్చున్న బ్యాంకు మేనేజరు గారిది పొట్టిగా, నున్నగా ఉంది. నాది తాలింపు వాసన కొడుతోంది. సువర్చలది ఇంకా అవలేదు. అందరం ఎనిమిది అంకెలు లెక్కపెట్టేలోగా వదిలేశాం, తను మాత్రం వదులుతూనే ఉంది. రాగిజావ గ్లాసులు వచ్చినా వదులుతూనే ఉంది. మొలకలు పెట్టి తీసేశాక గానీ చివరి కొస బయటికి రాదు.

అది ఎప్పటిదో నాకు తెలుసు. ఆరేళ్ల కిందట మా మరిది పోయాడు. పదకొండో రోజు అయిపోయింది, పన్నెండో రోజు తెల్లారుజామున నేను వెళ్లి తన తలుపు కొట్టాను. "రా, పనిలో పడితే మర్చిపోతావు" అన్నాను. తను గట్టిగా ఊపిరి బిగబట్టి, కొంగు దోపుకుని వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే ఆ రోజు నలభై భోజనాల ఆర్డరు ఏమయ్యేదో. నేను కూడా అదే ఆలోచించాను, దాచుకోవడం ఎందుకు.

నరహరి సారు రెండు క్యాబేజీలు చంకలో పెట్టుకుని తిరిగొస్తాడు. ఆయన జిల్లా పరిషత్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరై యోగాలోకి వచ్చాడు. మమ్మల్నీ, రేకుల కింద ఊపిర్లనీ చూసి ఆయన మొహం పాలిపోతుంది.

"వదలండి తరవాత ఒకటుంటుందమ్మా" అంటాడు. "చిన్నమాటే. నాలుక చివరే ఉంది."

మేం ఆయన నాలుక చివర చూస్తాం. ఏమీ లేదు.

"తీసుకోండి అనాలి సారూ" అంటాను.

"మీరు చెబితే అది నా మాట ఎలా అవుతుందమ్మా?" అంటాడు. నిజమే. ఆయన మధ్యాహ్నం దాకా పాత నోటుపుస్తకాలు వెతుకుతాడు. సావధాన్ దొరుకుతుంది, విశ్రామ్ దొరుకుతుంది. ఆ రెండూ మాకు పనికిరావు.

భోజనాల దగ్గర విషయం కొంచెం తేలుతుంది. మేనేజరు గారు ఊపిరి లేక పల్చబడి బెంచీ మీద నాలుగు మడతలై ఉంటే ఆయన భార్యకి ఒళ్లు మండుతుంది. "చాల్చాల్లెండి మీ వేషాలు! ఊపిరి తీసుకోండి" అంటుంది. వెంటనే ఆయన ఊపిరి రేకుల కింద నుంచి దిగొచ్చి ముక్కులో దూరుతుంది. ఆయన మడతలు విప్పుకుని పెరుగన్నం కలుపుకుంటాడు.

అప్పుడు నరహరి సారు నిర్ణయిస్తాడు. ఎవరి మాట విని విని ఒంటికి అలవాటైపోయిందో వాళ్లు చెబితే సరిపోతుందట. ఆఫీసు గదిలో ఫోను పెడతారు. వరసగా నిలబడి ఒకళ్లకి అత్తగారి చేత, ఒకళ్లకి పెద్దన్నయ్య చేత చెప్పించుకుంటారు. ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయికి వాళ్ల టీమ్ లీడర్ చెబుతాడు. సెలవు రోజైనా ఒక్క రింగుకే ఎత్తాడు మహానుభావుడు.

సువర్చల ఆ వరసలో నిలబడదు, తనని వదిలి నేనూ నిలబడను. చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది.

"లేవవే" అంటాను.

"నువ్వు చెబితే తీసుకుంటానక్కా" అంటుంది. "ఇరవయ్యారేళ్లుగా నువ్వు చెప్పిందే కదా చేస్తున్నా. ఉప్పెయ్యమంటే వేశా, మంట తగ్గించమంటే తగ్గించా. ఇప్పుడూ చెప్పు. కాకపోతే కాసేపాగి చెప్పు."

సరే, కాసేపాగుదాం అనుకుంటాను. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కదా బస్సు. దానికీ ఒక షరతుంది. డ్రైవరు ఖాజా ఎక్కే ప్రతివాళ్ల ముక్కు కిందా చిన్న అద్దం పెడతాడు. అద్దం మసకబారితేనే ఎక్కనిస్తాడు. ఊపిరి లేనివాళ్లని ఎక్కించుకుంటే దారిలో బరువు తెలియక బండి పల్టీ కొడుతుందని అతని భయం. అంటే నాలుగింటిలోగా నేను ఆ మాట అనాలి. అనకపోతే సువర్చల ఇక్కడే ఉండిపోతుంది.

సాయంత్రం గాలి మొదలవుతుంది. రేకుల కింద మిగిలిన ఊపిర్లు కిటికీ వైపు జరుగుతున్నాయి. నా సంచిలో ఎప్పుడూ ఒక కట్ట కూర కవర్లూ గుప్పెడు రబ్బరుబ్యాండ్లూ ఉంటాయి, పెళ్లికి వెళ్లినా ఉంటాయి. రెండు కిలోల కవరు తీసి, స్టూలెక్కి, సువర్చల ఊపిరిని కింద నుంచి పైకి జాగ్రత్తగా అందులోకి దూస్తాను. కూర కవరు మూతి దగ్గర కాస్త గాలి ఉంచి మెలిపెడితే నిండుగా కనిపిస్తుంది, ఆ కిటుకు మా ఇద్దరికే తెలుసు. ఇందులో అంతా గాలే కాబట్టి గట్టిగా మెలిపెట్టి రెండు రబ్బరుబ్యాండ్లు వేస్తాను. కవరు వెచ్చగా, ఇంగువ వాసనతో ఉంది.

ఇంకో కవరు తీసేలోగా నాది కిటికీ దాటిపోతుంది. జొన్నచేను మీద కొంతదూరం కనిపిస్తుంది. వెంటపడదామా అనుకుంటాను గానీ మోకాళ్లు ఒప్పుకోవు. పోతే పోయింది, దాంతో నేను సుఖపడిందేముంది.

ఆదివారం పొద్దుటికి హాలు పొడుగు పెరిగింది. తలుపు నుంచి సువర్చల చాప దాకా నడవడానికి అరగంట పడుతుంది. కవరు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంటాను. తన మోచేతుల మీద నూనె చిట్లిన మచ్చలుంటాయి, ఒక్కో మచ్చా ఏ కూర నాటిదో నేను చెప్పగలను. అవి పోతున్నాయి. అరటికాయ బజ్జీల మచ్చ పోయింది. చేపల పులుసు మచ్చ నా కళ్ల ముందే పోతుంది. మెడ మీద ముడతలు సర్దుకున్నాయి. మధ్యాహ్నానికి తను మా ఇంటికి కోడలిగా వచ్చిననాటి పిల్లలా ఉంది. అప్పుడు కూడా నేను ఎదురెళ్లి మొదట అన్న మాట "కాళ్లు కడుక్కుని రా, పప్పు రుబ్బాలి" అనే.

నాకు ఏడుపొస్తుంది. ఏడవడానికి ఊపిరి లేదు, అందుకని ఊరికే కూర్చుంటాను.

మూడున్నరకి ఖాజా హారన్ కొడతాడు. అందరూ అద్దం మసకబరిచి ఎక్కుతున్నారు. రేపు సోమవారం. అయిదింటికి పొయ్యి ముట్టించాలి, తను లేకపోతే నేను ఒక్కదాన్నీ ఏం చేస్తాను? వంట సంగతి అటుంచండి. పొయ్యి అవతల తను లేకపోతే నేను ఎవరి మీద అరవను, ఎవరి పక్కన కూర్చుని రెండున్నరకి అన్నం తినను? ఈ మనిషంటే నాకు ప్రాణం. ఇరవయ్యారేళ్లలో ఒక్కసారీ ఆ ముక్క అనలేదు.

కవరు తన ముక్కు దగ్గర పెడతాను. "తీ" అన్న అక్షరం పళ్ల దాకా వస్తుంది.

మచ్చల్లేని ఆ చేతుల వైపు చూస్తాను.

"తీసుకోకు" అంటాను. "పడుకో. నీకు అలుపు తీరేదాకా పడుకో. కొట్టు నేను చూసుకుంటాలే."

సువర్చల కళ్లు తెరుస్తుంది. నన్ను చూస్తుంది, కవరు చూస్తుంది.

"ఒక్కటే ఉందేం? నీదేది?"

"పోయింది."

"ఎక్కడికి?"

"చేల మీదికి. గాలొచ్చింది."

"నాది మూటగట్టి నీది వదిలేశావా?"

"రెండు చేతులేగా ఉన్నాయి నాకు."

తను లేచి కూర్చుంటుంది. కోపమొచ్చినప్పుడు తన ముక్కు కొస ఎర్రబడుతుంది, ఇప్పుడు ఎర్రబడింది. "ఊపిరి లేకపోతే నిన్ను ఖాజా ఎక్కించుకోడు కదక్కా. మరి కొట్టు ఎలా చూసుకుంటావు, నడిచెళ్లా? ఎప్పుడూ ఇంతే, నీ సంగతి నీకు పట్టదు. ఈసారికి నీ మాట నేను వినను" అంటుంది.

పంటితో రబ్బరుబ్యాండ్లు తెంపుతుంది. కవరు మూతి ముక్కుకి ఆనించుకుని పీలుస్తుంది. మచ్చలన్నీ ఒకదాని వెనక ఒకటి చేతుల మీదికి తిరిగొస్తాయి. కవరు ఖాళీ అవుతుంది. తను ఆపదు. రేకుల కింద దుమ్ము లోపలికి వెళుతుంది, నా సంచి వెళుతుంది, నా కొంగు వెళుతుంది. కొంగు వెనకాల నేను వెళతాను. ముక్కు దగ్గర కాస్త ఇరుకుగా ఉంది గానీ తరవాత ఇబ్బందేమీ లేదు.

లోపల గోరువెచ్చగా, చీకటిగా ఉంది. పక్కటెముకల సందుల్లోంచి కొద్దిగా వెలుగొస్తోంది. చీర సర్దుకుని కూర్చుంటాను. తను నడుస్తుంటే నేల మెల్లగా ఊగుతుంది. కుదుపులు తగలకుండా నడుస్తోందని తెలుస్తుంది.

"ఇంకో ఆమె ఏరమ్మా?" ఖాజా గొంతు బయటి నుంచి వినిపిస్తుంది.

"నాతోనే ఉంది. ఒక్క సీటు చాలు మాకు."

అద్దం మసకబారి ఉంటుంది. బస్సు కదులుతుంది. సువర్చల చెయ్యి పై నుంచి నా వీపు మీదికొస్తుంది, చంటిపిల్లని జోకొట్టినట్టు రెండుసార్లు తడుతుంది.

"పడుకో అక్కా" అంటుంది.

పడుకోవాలనే ఉంది. కాళ్లు చాపుకుంటాను. కానీ పక్కనే తన గుండె కొట్టుకుంటోంది. దగ్గర్నుంచి చూస్తే పాపం ఎంత చిన్నదో. ఒంటినిండా చెమట, కొట్టుకున్న ప్రతిసారీ కొంచెం తూలుతోంది. పుట్టినప్పటి నుంచీ ఒక్కపూట సెలవు పెట్టి ఉండదు.

"ఎప్పుడైనా కూర్చున్నావా?" అని అడుగుతాను.

లేదన్నట్టు కొట్టుకుంటుంది.

చేతులు చాపి దాన్ని కిందికి దించుతాను. నా ఒళ్లో ఒకసారి కొట్టుకుని ఆగుతుంది, అటు తిరిగి నిద్రపోతుంది. దానిమీద కొంగు కప్పుతాను. బస్సు చేవెళ్ల దాటుతోంది. నేను లేచి దాని చోటులో నిలబడి, అది ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి కొట్టుకోవడం మొదలుపెడతాను.