పొలుసు తేలని చేప

పొద్దున్నే కెజియా కంచంలో అన్నం కలుపుకొని మామగారి మంచం దగ్గరికి పోయేది. కాసేపటికి ఆ అన్నాన్నే తెచ్చి కోళ్ళకు వేసేది. ఎండాకాలంలో అత్తగారు ఎలిశబెతు పోయినప్పటినుంచీ ఇదే వరస. మామ కృపాదానం గోడవైపు తిరిగి పడుకుంటాడు, రెండు గుక్కల గంజి తాగుతాడు, అంతే. కావలి డాక్టరు పరీక్షలన్నీ చేసి జబ్బేమీ లేదన్నాడు. తినకపోతే మాత్రం మనిషి దక్కడన్నాడు. ఈ సంగతి చెప్పడానికి డాక్టరెందుకని కెజియా దారంతా గొణుక్కుంది.

అలాంటి మనిషి ఒక గురువారం గోడవైపు నుంచే, "చేప తినబుద్ధవతాంది" అన్నాడు. కెజియా చెప్పులు కూడా వేసుకోకుండా సముద్రం ఒడ్డుకు పరిగెత్తింది. అప్పటికే బేరాలు అయిపోయాయి. మస్తానమ్మ గంపలో ఒక్క చేప మిగిలింది.

"ఇదేం చేప మస్తానక్కా?"

"నాకు తెలిస్తే గదా చెప్పేది. పుట్టి బుద్ధెరిగినాక ఇట్టాంటిది చూళ్ళేదు. తీసుకుపో పాపా, ఇంకా బతికే ఉండాది."

చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్ళది శనివారం ఆరాధన చేసే క్రైస్తవ సంఘం. బైబిల్లో రాసినట్టు రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్న చేపనే తింటారు, లేనిదాన్ని ముట్టరు. ఏది తినొచ్చో ఏది కూడదో పల్లెలో తేల్చేది సంఘపెద్ద కృపాదానమే. చందువ చేపకు పొలుసుందా లేదా అని సంఘం రెండుగా చీలబోతే, గోటితో గీకి, గోటి మీద పొలుసు చూపించి అందరినీ కలిపినవాడాయన. అలాంటివాడు ఊరూ పేరూ లేని చేపను నోట పెడతాడా?

కెజియా సముద్రపు నీళ్ళు తెచ్చి పెరట్లో సిమెంటు తొట్టి నింపి, చేపను అందులో వదిలి చూసింది. ఒళ్ళు చందువలాగా పలకగా ఉంది. తోక వంజరం తోకలాగా చీలింది. మూతికేమో జెల్లకున్నట్టు మీసాలు. మీసాలు చూడగానే ఆమె ప్రాణం ఉసూరుమంది, జెల్లకు పొలుసుండదు మరి. కానీ వంగి చూస్తే ఒంటినిండా సన్నటి పొలుసులు. "ఉండాయి మామా" అని కేకేసి, కత్తిపీట తెచ్చేసరికి చేప ఒళ్ళు నున్నగా ఉంది. కత్తిపీట లోపల పెట్టి వచ్చేసరికి మళ్ళీ పొలుసులు.

కావలిలో సెల్ షాపు నడిపే ఆమె మొగుడు హెన్రీ, చేపల సంగతి తెలిసిన స్నేహితుడికి ఫొటోలు పంపాడు. వీపు మీది రెక్కలో ముళ్ళెన్ని, నోరు పైకుందా కిందికుందా, పక్కన గీత ఉందా అని అతను అడిగాడు. హెన్రీ చూసి చెప్పేవాడు. సరిచూసుకుందామని మళ్ళీ లెక్కపెడితే ముళ్ళు మారిపోయేవి. చివరికి ఆ స్నేహితుడు విసుగెత్తి ఫోనెత్తడం మానేశాడు.

"ఒకసారి ఉండాదంటావు, ఒకసారి లేదంటావు," అన్నాడు కృపాదానం గోడతో చెప్పినట్టు. "చేపను చూసేది కూడా రాదా నీకు?"

కెజియాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "రాదు మామా. ఉండాదన్నా తినరు, లేదన్నా తినరు. నేను ఏం చేసి చచ్చేది? చూసేది వచ్చినోళ్ళు మంచం దిగి చూడొచ్చు గదా."

కాసేపటికి మంచం కిర్రుమంది. కృపాదానం గోడ పట్టుకొని పెరట్లోకి వచ్చి, తొట్టి పక్కన పీట మీద కూలబడ్డాడు. చేపను పట్టి గోటితో గీకాడు.

"ఎడం పక్క ఉండాది, కుడి పక్క లేదు. ఇదేం తిక్క చేప. నేనొప్పుకోను."

తిప్పి చూస్తే కుడిపక్క ఉన్నాయి, ఎడమపక్క లేవు. ఆయనకు ఒళ్ళు మండింది. చేపను తిడుతూ ఉంటే కెజియా పప్పన్నం ముద్దలు చేసి చేతిలో పెట్టింది. తిట్టుకూ తిట్టుకూ మధ్య ఆయన అన్నీ తినేశాడు. "ఉప్పెక్కువైంది" అని ఆమెను కూడా తిట్టాడు.

ఆ రోజునుంచి పొద్దున్నే తొట్టి దగ్గరికి రావడం, మధ్యాహ్నందాకా గీకడం, కోపంతో ఆకలేసి తినడం. నీళ్ళు మార్చాలని బకెట్టు పట్టుకొని తనే సముద్రానికి పోయేవాడు. చేప ఇన్నాళ్ళు తొట్టిలో ఎలా బతికిందని ఎవరూ అడగలేదు. దాన్ని తినొచ్చా కూడదా అన్నదే ఊళ్ళో తగువు.

ఒక ఉదయం ఆయనకంటే ముందు కెజియా తొట్టిలోకి చూసింది. చేపకు మీసాల్లేవు. తలనుంచి తోకదాకా, రెండు పక్కలా, పెద్ద పెద్ద పొలుసులు. గీకి చూసింది, కళ్ళు మూసి తెరిచింది. ఈసారి అవి పోలేదు. చిన్నపిల్లలైనా ఇది తినే చేపేనని చెప్పేస్తారు. ఇవాళ వండితే మామ తృప్తిగా తింటాడు. తిని, గోడవైపు తిరిగి పడుకుంటాడు.

వెనక నుంచి అడుగుల చప్పుడు. "ఏమైనా తేలిందా?"

పుట్టినప్పటినుంచి అబద్ధమాడని కెజియా తలెత్తకుండా చెప్పింది. "లేదు మామా. ఒక్క పొలుసు కూడా లేదు."

కృపాదానం వంగి చూశాడు. చేప నున్నగా ఉంది. మీసాలు ఆడిస్తోంది.

"చూసినావా దీని పొగరు," అన్నాడాయన పీట ముందుకు లాక్కుంటూ. "దీని సంగతి తేల్చకుండా నేను పోయేది లేదు."

కెజియా చెయ్యి తుడుచుకొని ఎసరు పెట్టడానికి లోపలికి పోయింది.