కార్మెలో గారి కొట్టులో బెండకాయలు

మా కోడలు కుసుమ ఆ కూరల కొట్టుకి మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. పరాయి దేశంలో మా అబ్బాయి వాళ్ళుండే పేట క్లైడ్ నార్త్. కొట్టుకి మా ఇంటి నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. బెండకాయలు కనబడగానే మనవాళ్ళు ఏం చేస్తారో తనూ అదే చేసింది. ఒక్కో కాయ తీసి కొస విరిచింది. టక్కున విరిగితే సంచీలోకి, వంగితే పక్కకి.

"నో టచ్!"

లోపల్నించి ముసలాయన వచ్చాడు. ఎనభై దాటుంటాయి. మనిషి పొట్టి, గొంతు మాత్రం మైకు. బెండకాయల ట్రే ఎత్తుకుని లోపలికి పోయాడు.

కుసుమ మొహం ఎర్రబడింది. "మామయ్యా, ఇంక ఈ కొట్టు గడప తొక్కను. ఎంత రూడ్‌గా మాట్లాడాడో చూశారా?" అంది. సాయంత్రానికల్లా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. మనవాళ్ళు అటు వెళ్ళడం మానేశారు. ఈ పేటలో కూరలు కొనేది సగం మనవాళ్ళే.

నేను మానలేదు. పొద్దున్నే నడిచాక ఎక్కడో ఓ చోట కూర్చోవాలి కదా. కొట్టు ముందు అరుగు మీద కూర్చునేవాణ్ణి. కొన్నాళ్ళు చూసి ఆయనే కాఫీ తెచ్చిచ్చాడు. గుక్కెడే, చేదు. పేరు కార్మెలో అన్నాడు. ఆయనకి ఇంగ్లీషు వచ్చి అరవై ఏళ్ళు, నాకు వచ్చి రెండేళ్ళు. రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే కుదిరింది. నన్ను కుంపా అంటాడు. మనం బావా అన్నట్టేనని ఆయన కూతురు లోరెడానా చెప్పింది.

ఆయనది ఇటలీలో కలాబ్రియా, కొండల సీమ. కుర్రవాడిగా ఓడెక్కాడు. చెరుకు కొట్టాడు, మార్కెట్లో మూటలు మోశాడు. ఇక్కడంతా పొలాలుగా ఉన్నప్పుడు ఈ కొట్టు పెట్టాడు. వంకాయలు పెడితే తెల్లవాళ్ళు నవ్వారట, వీటితో బూట్లు పాలిష్ చేసుకోవాలా అని. అమ్ముడుపోనివన్నీ ఇంట్లోకే. ఆయన భార్య కొంచెత్తా గారు గల్లా దగ్గర కూర్చుని, "పొద్దున వంకాయ, రాత్రి వంకాయ, మై గాడ్!" అని చేతులు తిప్పుతూ చెప్పేది. ముగ్గురు పిల్లలు ఆ కొట్టు మీదే చదువుకున్నారు. కడపటిది లోరెడానా, ఇప్పుడు కొట్టు చూసేది తనే.

ఆయనకి ఒకటే పట్టు. కొట్టువాడు ఏరి ఇవ్వాలి, కొనేవాడు చెయ్యి పెట్టకూడదు. "చెడ్డ కాయ ఇస్తే తెచ్చి నా మొహాన కొట్టు. నువ్వే ఏరుకుంటే ఇంక నేనెందుకు?" అనేవాడు.

ఒకరోజు నా ముందే లోరెడానా అంది, "జనం రావట్లేదు నాన్నా. ఎవరివి వాళ్ళు ఏరుకునేలా పెడదాం. లేదంటే ఆ సూపర్‌మార్కెట్ వాళ్ళకి కొట్టు అద్దెకిచ్చేద్దాం. శనివారం వాళ్ళ మనిషి మన మాట తెలుసుకోడానికి వస్తాడు."

"అయితే ఇచ్చెయ్యి" అన్నాడు.

చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేనూ ఏలూరులో రైసుమిల్లు బస్తాలు మోసినవాణ్ణే. అలాంటి చేతులు ఊరికే కూర్చుంటే చూడలేను.

ఇంటికొచ్చి, "అమ్మాయ్, రేపు నాతో ఆ కొట్టుకి రా" అన్నాను.

"మళ్ళీ తిట్టించుకోడానికా?"

"కొస ఎందుకు విరిచావో ఆయనకి చెప్పు. అంతే."

నేను ఎవర్నీ ఏదీ అడిగేవాణ్ణి కాదు. అడిగానని వచ్చింది.

కుసుమ ఆయనకి ఇంగ్లీషులో చెప్పింది. "అంకుల్, ముదురు కాయైతే కూరంతా పీచే. పిల్లలు ఊసేస్తారు. మా అమ్మ అలాగే కొనేది, మా అమ్మమ్మా అంతే. మీ సరుకు పాడుచేద్దామని కాదు."

ఆయన ఒక కాయ తీసి విరిచాడు. టక్కుమంది. ఇంకోటి వంగింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కోళ్ళ మేతకని పెట్టిన డబ్బాలో పడేశాడు. ఇంకోటి తీశాడు. కుసుమ కూడా చెయ్యి చాచింది.

"నో టచ్!" చెయ్యి అడ్డం పెట్టాడు. "నేను విరుస్తా. నువ్వు చూడు."

కిలో బెండకాయలు ఒక్కోటీ ఆమె కళ్ళ ముందు విరిచి తూచాడు. కుసుమకి నవ్వాగలేదు. "మామయ్యా, మీ అబ్బాయి నాకు ఏనాడైనా ఇంత చేశాడా?" అంది. మళ్ళీ గ్రూపులో పెట్టింది.

శనివారం లైను రోడ్డు దాకా ఉంది. పక్కింటి తేజస్విని ముందుకి వంగి, "అంకుల్, ప్లీజ్, ఆ లేతది వెయ్యండి" అంది.

"నా కొట్టు, నా కన్ను! నువ్వు మాట్లాడకు!"

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆయన మీసం కింద నవ్వు కనబడింది.

సూపర్‌మార్కెట్ మనిషి టై కట్టుకుని వచ్చాడు. నేరుగా గల్లా దగ్గరికి పోబోతే కొంచెత్తా గారు వేలెత్తి, "లైను" అంది. పోయి చివర నిలబడ్డాడు. వంతు వచ్చాక నోరు తెరవబోయాడు.

"ఎన్ని కిలోలు?" అన్నాడు కార్మెలో గారు.

అతను లోరెడానా వైపు చూశాడు. ఆమె లోపల్నించి ఇంకో ట్రే మోసుకొస్తోంది. "అద్దెకివ్వడం లేదు. మా నాన్నకి పని ఉంది" అంది.

పెద్దాయన అతనికీ ఒక్కో కాయ విరిచి అరకిలో తూచాడు. అతను సంచీ పట్టుకుని, వీటిని ఎలా వండాలని మెల్లగా అడిగాడు. లైనులో ఆడవాళ్ళంతా ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు.