జెబా రాసిన సర్వర్లు

గూడెం బడిలోని సర్వర్ పెట్టె ఆగిపోయి వారమైంది. ఆ ఊరికి ఇంటర్నెట్ లేదు. ముసలివాళ్లు తమ భాషలో చెప్పిన కథలూ చెట్టు మందులూ వీడియోలుగా ఆ పెట్టెలో ఉండేవి. ఊళ్లోవాళ్లు బడి వైఫై మీద ఫోన్లలో చూసుకునేవారు. సారపాకలో తండ్రి ఆజంతో కలిసి కంప్యూటర్లు బాగుచేసే జెబానే, ఆ పెట్టె పెట్టిన కంపెనీ పనిమీద వచ్చి అప్పట్లో ఆ వీడియోలు తీసింది.

గూడెంలో ఉండే జంపక్క కబురు పెడితే జెబా వచ్చింది.

"మా అక్క మాట అందులనే ఉంది బిడ్డా. ఆమె పోయి నాలుగు నెలలాయె."

పెట్టె తీసుకుపోవడానికి వచ్చిన కంపెనీ మనిషి నాగచైతన్య తలెత్తలేదు. "కాంట్రాక్ట్ అయిపోయింది. సర్వర్ మాది. వీడియోల కాపీలు మీ దగ్గరున్నా సర్వర్ లేకుండ ఏం చేస్తరు మేడం?"

"సర్వర్ నేనే రాస్త."

అక్కడే బల్ల మీద లాప్‌టాప్ తెరిచి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో మొదలుపెట్టింది. చిన్న సర్వర్ ఆబ్జెక్టు, అంటే ప్రోగ్రాంలో ఒక ముక్క. వీడియోలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చెప్పి నడిపిస్తే, అడిగిన ఫోనుకల్లా అందిస్తుంది. రెండుసార్లు వీడియో మధ్యలో తెగిపోయింది. మూడోసారి జంపక్క ఫోన్‌లో అక్క ముఖం కనబడింది. ఆమె కొంగుతో తెర తుడిచి, మళ్లీ చూసింది.

"మీ లాప్‌టాప్ ఈడ్నే వదిలిపోతరా?" అన్నాడు నాగచైతన్య. "బడి కంప్యూటర్ పాతది. దాంట్ల జావా భాష ఒక్కటే ఉంది, ఇంకోటి ఎక్కదు."

జెబాకు రోషం పొడుచుకొచ్చింది. జావా ముట్టి ఐదేళ్లయింది. ఇంటికెళ్లి రెండు రోజులు లేవకుండా కూర్చుంది.

"ఒక్క గూడెం కోసం గింత కష్టమా బేటీ?" అన్నాడు ఆజం.

"ఒక్క గూడెమే గదా అని అందరు వదిలేస్తున్నరు అబ్బా."

మూడో రోజు బడి కంప్యూటర్‌లో జావా సర్వర్ లేచింది. ఆమె అంతటితో ఆగలేదు. పంచాయతీ కంప్యూటర్ కోసం సీ షార్ప్ భాషలో ఇంకోటి రాసింది. ఒకటి ఎవరైనా మూసేస్తే రెండోది ఉండాలని ఆమె పంతం.

దాన్ని ఎక్కిస్తుండగా నాగచైతన్య జెబాకు ఫోన్ చేశాడు. "ఎవరి పర్మిషన్‌తో నడుపుతున్నరు?"

పక్కనే ఉన్న జంపక్క ఫోన్ అందుకుంది. "మా నోటి మాట మేం వినెతందుకు ఎవల్ని అడగాలె సారూ?"

నాగచైతన్య ఫోన్ పెట్టేశాడు. జెబా మూడో సర్వర్‌ను నడిపించింది.